ఊదా రంగు వెలిసిన తర్వాత: మూలికల పరిశోధనకు మార్గదర్శకులైన ఆచార్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లోనూ వాటి అనుబంధ కళాశాలల్లోనూ వృక్షశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, ఫార్మసీ విభాగాల్లో పరిశోధనలకు మార్గదర్శకత్వం వహిస్తున్న ఆచార్యులకు, పాఠ్యప్రణాళిక సంఘాల సభ్యులకు నమస్కారాలు.

ఈ దృశ్యం మీకు కొత్త కాదు. ఒక మొక్కలో యాంటీఆక్సిడెంట్ గుణం ఉందో లేదో తేల్చడానికి పరిశోధక విద్యార్థిని డీపీపీహెచ్ అనే రసాయనాన్ని మెథనాల్‌లో కరిగించి, ఆ ద్రావణాన్ని వరుసగా పేర్చిన పరీక్షనాళికల్లో పోస్తుంది. ముదురు ఊదా రంగు. నెల రోజులుగా నీడన ఎండబెట్టి, దంచి, జల్లించి, సాక్స్‌లెట్ అనే పరికరంలో గంటల తరబడి మరిగించి తీసిన ఆకు సారాన్ని ఒక్కో నాళికలో ఒక్కో మోతాదులో చేరుస్తుంది. వాటిని అరగంట పాటు చీకట్లో ఉంచి బయటికి తీసేసరికి, సారం ఎక్కువ పడిన నాళికల్లో ఊదా రంగు వెలిసిపోయి లేత పసుపు మిగిలి ఉంటుంది. 517 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ ఎంత తగ్గిందో కొలిచి, రంగు సగానికి సగం పోవడానికి ఎంత సారం పట్టిందో లెక్కగట్టి, దానిని ఐసీ50 విలువగా నోట్సులో రాసుకుంటుంది. ఆ సాయంత్రం ఆ అమ్మాయి ముఖంలో కనిపించే సంతోషం ఎలాంటిదో ముప్పై ఏళ్లకు పైగా జీవరసాయనశాస్త్రం బోధించిన నాకు బాగా తెలుసు. ఎన్నోసార్లు ఆ సంతోషంలో నేనూ పాలుపంచుకున్నాను.

ఆ అంకె తర్వాత ఎక్కడెక్కడికి ప్రయాణం చేస్తుందో చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. సిద్ధాంత గ్రంథం చివరి అధ్యాయానికి వచ్చేసరికి అది "ఈ మొక్క సారం మధుమేహం, క్యాన్సర్, గుండె జబ్బుల నివారణకు ఉపయోగపడగలదు" అనే వాక్యంగా మారుతుంది. నా పర్యవేక్షణలో వచ్చిన రెండు గ్రంథాల్లో ఇంచుమించు ఇదే వాక్యం ఉంది, వాటి మొదటి పుటలో నా సంతకమూ ఉంది. అక్కడి నుంచి అది పత్రికా ప్రకటనలోకి, పత్రికా ప్రకటన నుంచి పొడి సంచుల మీది ముద్రణలోకి చేరుతుంది. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన, పరిశోధనల్లో నిరూపితమైన యాంటీఆక్సిడెంట్ అని అచ్చు వేసిన అలాంటి పొడిని నమ్మి, మధుమేహానికి వాడే మాత్రలు మానేసి మూడు నెలలు వాడారు. కాలి మీద చిన్న గాయం మానక పుండై ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ యూనివర్సిటీ వాళ్లే పరీక్ష చేశారని రాశారు కదండీ?" దానికి ఆయన నమ్మగలిగే జవాబు నా దగ్గర లేకపోయింది.

డీపీపీహెచ్ అనేది సీసాలో నెలల తరబడి నిలవ ఉండే ఒక కృత్రిమ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు. మన శరీరంలో అది ఎక్కడా పుట్టదు. 1958లో బ్లోయిస్ అనే శాస్త్రవేత్త దానిని ఒక తేలిక కొలమానంగా ప్రతిపాదించాడు. ఏ పదార్థమైనా దానికి ఒక హైడ్రోజన్ పరమాణువునో ఎలక్ట్రాన్‌నో ఇవ్వగలిగితే రంగు పోతుంది. ఇచ్చే పదార్థం మందా, విషమా, ఊరికే పారేసే తొక్కా అన్న భేదం ఆ పరీక్షకు తెలియదు. ఒకసారి ఒక విద్యార్థి అడవి నుంచి తెచ్చిన మూలిక సారం పక్కనే వేరుశనగ గుళ్ల మీది ఎర్ర పొరను కూడా నానబెట్టి పరీక్షించమన్నాను. పొరే ముందు గెలిచింది. చింతగింజల పొట్టు, మామిడి టెంకలోని జీడి, రోజూ తాగే టీ డికాక్షన్ కూడా అలాగే గెలుస్తాయి, ఎందుకంటే వగరు ఎక్కడుంటే అక్కడ టానిన్లు ఉంటాయి, టానిన్లు ఉన్నచోట ఈ రంగు పోక తప్పదు. వగరుగా ఉన్న ప్రతి ఆకుకూ "శక్తిమంతమైన యాంటీఆక్సిడెంట్" అన్న బిరుదు ఇచ్చుకుంటూ పోతే, నాలుక చెప్పగలిగిన సంగతినే కాంతి శోషణను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ చేత చెప్పించినట్లవుతుంది. మరో సంగతి: ఎర్ర గోంగూర కాడలు, మందార పూల వంటి వాటి సారాలకు సొంతంగానే 517 దరిదాపుల్లో కాంతి శోషణ ఉంటుంది. ఆ రంగుకు విడిగా బ్లాంక్, అంటే డీపీపీహెచ్ లేకుండా సారం ఒక్కటే ఉన్న నాళిక, పెట్టి తీసివేయకపోతే అంకె తప్పుతుంది. ఈ దిద్దుబాటు లేని పట్టికలు నా దగ్గరికి మూల్యాంకనానికి చాలాసార్లు వచ్చాయి.

ఇప్పుడు ఆ అంకెను మనిషి ఒంట్లోకి తీసుకువెళ్లి చూద్దాం. ఒక సారానికి ఐసీ50 విలువ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు వచ్చిందనుకుందాం. మన పత్రాల్లో ఇది గొప్ప ఫలితం కిందే లెక్క. పెద్దవారి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. ఆ గాఢత రక్తంలో ఏర్పడాలంటే 250 మిల్లీగ్రాముల సారం ఒక్క అణువు కూడా మారకుండా, ఒక్కసారిగా, మొత్తంగా నెత్తుటిలోకి చేరాలి. వాస్తవంలో జరిగేది వేరు. ఆకుల్లోని పాలీఫినాళ్లలో, అంటే టానిన్ల వంటి పదార్థాల్లో, చాలా భాగం పేగుల్లోనే మిగిలిపోతుంది. లోపలికి వెళ్లిన కొద్దిపాటికి పేగు గోడలూ కాలేయమూ గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేటునో తగిలించి, మూత్రంలోకో పిత్తంలోకో పంపేస్తాయి. పెద్దపేగు చేరిన వాటిని అక్కడి సూక్ష్మజీవులు ముక్కలు చేస్తాయి. చివరికి రక్తంలో కనిపించేది సాధారణంగా ఒక మైక్రోమోలార్‌కు లోపే. అదే రక్తంలో మన ఒళ్లు తానే తయారుచేసుకున్న యూరిక్ ఆమ్లం 200 నుంచి 400 మైక్రోమోలార్ల వరకు ఎప్పుడూ ఉంటుంది, కణాల లోపల గ్లూటాథయోన్ అనే మన సొంత యాంటీఆక్సిడెంట్ మిల్లీమోలార్లలో, అంటే మైక్రోమోలార్‌కు వెయ్యి రెట్ల కొలమానంలో, ఉంటుంది. అప్పటికే నిండి ఉన్న చెరువులోకి చెంబెడు నీళ్లు పోసి, చెరువు నిండింది మా వల్లేనని మనం పత్రాలు రాస్తున్నాం.

పసుపు సంగతే చూడండి. మన వంటింటి పసుపులోని కర్క్యుమిన్ పరీక్షనాళికలో అద్భుతంగా పనిచేస్తుంది. బెంగళూరులోని పరిశోధకులు 1998లో ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే, రక్తంలో అది దాదాపు కనిపించనే లేదు. దానితో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం, ఇచ్చినప్పుడు లభ్యత 2000 శాతం పెరిగింది. ఈ రెండో సగాన్ని మాత్రమే ప్రకటనలు వాడుకున్నాయి. దాదాపు ఏమీ లేనిదానికి ఇరవై రెట్లు కలిసినా అది కొద్దిపాటిదేనని గానీ, కర్క్యుమిన్‌ను అరగనివ్వకుండా ఆపిన పైపరిన్ అదే దారిలో అరగాల్సిన ఇతర మందులను కూడా ఆపగలదని గానీ ఎవరూ చెప్పలేదు. రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ రక్తంలో ఎక్కువసేపు నిలిచిపోవడం పైపరిన్ పరిశోధనల్లోనే కనిపించింది. ఈ ముక్క రోగికి చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడి మీద మాత్రమే ఉందని నేను అనుకోను. మొదటి పత్రం రాసిన మన మీదా ఉంది.

రాడికల్స్ అన్నీ శత్రువులే, వాటిని తుడిచిపెట్టేదంతా మేలే అన్న భావన మనం తరగతి గదుల్లో బలంగా నాటాం. 1956లో డెన్హమ్ హార్మన్ వృద్ధాప్యానికి ఫ్రీ రాడికల్స్‌ను కారణంగా చూపించినప్పటి నుంచి ఆ ఊహకు ఉన్న ఆకర్షణ అలాంటిది. కానీ మన తెల్లరక్తకణాలు సూక్ష్మజీవులను చంపేది సూపరాక్సైడ్ అనే రాడికల్‌ను తయారుచేసే. పుట్టుకతోనే ఆ శక్తి లేని పిల్లలు మామూలు ఇన్ఫెక్షన్లకే పదేపదే మంచాన పడతారు. ఇక మోతాదు పెంచితే ఏమవుతుందో ఫిన్లాండ్ చూపించింది. అక్కడ పొగతాగే 29,133 మంది పురుషుల మీద జరిపిన పరీక్షలో, బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో వెల్లడైంది. అమెరికాలో అలాంటి మరో పరీక్షను, క్యాన్సర్లు 28 శాతం పెరగడంతో, 1996లో గడువుకు ముందే ఆపేశారు. క్యారెట్‌లో, మునగాకులో, కరివేపాకులో ఆహారంగా ఉన్నప్పుడు ఏ హానీ చేయని పదార్థమే మాత్రలో చేరేసరికి ఇలా అయింది. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తిని చూపే ఓరాక్ పట్టికలను 2012లో తన వెబ్‌సైట్ నుంచి తొలగించింది. ఆ విలువలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం లేదని, వాటిని వ్యాపారులు దుర్వినియోగం చేస్తున్నారని కారణం చెప్పింది. వాళ్లు వదిలేసిన తరహా అంకెను మనం ఇంకా పీహెచ్‌డీ స్థాయిలో లెక్కగడుతున్నాం.

ఇంత చెప్పానని మూలికల మీద నాకు నమ్మకం లేదని దయచేసి అనుకోకండి. ఉంది కాబట్టే బాధ. మొక్కల్లోని కొన్ని పదార్థాలు కణానికి కొద్దిపాటి ఒత్తిడి కలిగించి, ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ ద్వారా మన సొంత రక్షణ ఎంజైములను మేల్కొలుపుతాయి. ఇది రంగు వెలవడం కన్నా ఎంతో లోతైన, ఆసక్తికరమైన మార్గం. దీనిని చూడాలంటే కణాలను పెంచే సదుపాయం కావాలి, ఓపిక కావాలి. సర్పగంధి కథ గుర్తు చేసుకోండి. తరతరాలుగా వాడుకలో ఉన్న ఆ వేరును సిద్దిఖీ వంటి రసాయన శాస్త్రవేత్తలు 1930లలో విడదీసి చూశారు. బొంబాయిలో రుస్తుం వకీల్ రక్తపోటు రోగులకు ఇచ్చి, గమనించి, 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో దాని నుంచి వేరుచేసిన రిసర్పిన్ అనే మందును ప్రపంచమంతా వాడింది. మానసిక కుంగుబాటు వంటి దాని దుష్ఫలితాలు కూడా అలా వాడి, రాసి పెట్టుకోవడం వల్లనే తెలిశాయి. చైనాలో థూ యూయూ పాత గ్రంథంలో ఒక మూలికను నీళ్లలో నానబెట్టి పిండమన్న మాట చదివి, మరిగించడం వల్లే గుణం పోతోందేమోనని అనుమానించి, 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీశారు. మలేరియాకు ఆర్టెమిసినిన్ అలా దొరికింది, 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. వకీల్, థూ యూయూ ఇద్దరూ మొదట అడిగింది "ఈ మందు ఏ జబ్బుకు, ఏ రూపంలో, ఎంత వాడేవారు?" అని. మనం మొదట అడుగుతున్నది "ఏ మొక్క మీద ఇంకా డీపీపీహెచ్ చేయలేదు?" అని.

మన నేలఉసిరి కథ ఇంకా దగ్గరిది, నాకు ఇంకా పాఠం నేర్పినది. పచ్చకామెర్లకు నేలఉసిరి పసరు పోయించడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో నిలిచిపోయినవారికి నేలఉసిరి పొడి ఇచ్చి, 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల ప్రోటీన్ కనిపించకుండా పోయిందని, మందు లేని మామూలు పొడి తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగిందని 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. దేశమంతా ఆశ పుట్టింది. తర్వాత థాయ్‌లాండ్‌లోనూ ఇతర చోట్లా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. ఎందుకు రాలేదు? మొక్క జాతి వేరా, నేల వేరా, కోసిన నెల వేరా, రోగులు వేరా, లేక మొదటి ఫలితమే యాదృచ్ఛికమా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన స్థితిలో ఉండాల్సింది నేలఉసిరి పెరటిలో మొలిచే మన ప్రాంతపు విశ్వవిద్యాలయాలు. అప్పటి నుంచి ఆ మొక్క మీద వచ్చిన రంగు పరీక్షల పత్రాలను అన్నింటినీ ఒకచోట పోగేసినా ఆ ప్రశ్న అంగుళం కూడా కదలదు.

మొక్క గుర్తింపు గురించి కాస్త నిలిచి మాట్లాడాలి, ఎందుకంటే మన తప్పుల్లో సగం అక్కడే మొదలవుతాయి. ఒక విద్యార్థి శంఖపుష్పి మీద పని చేస్తానని వచ్చాడు. వనమూలికల దుకాణంలో కొన్న ఎండు మొక్కల పొట్లం నా బల్ల మీద విప్పాడు. సన్నటి కాడలు, ముట్టుకుంటే పొడి అయ్యే ఆకులు, నేల మీద పాకినట్లు మెలికలు తిరిగిన కొమ్మలు, అక్కడక్కడ వెలిసిన నీలి చుక్కల్లా ఎండిన పూరేకులు. భూతద్దం కింద చూస్తే అది మన విష్ణుక్రాంత. శంఖపుష్పి పేరుతో దేశంలో నాలుగు వేర్వేరు మొక్కలు అమ్ముడవుతాయి. ఒకచోట కన్వాల్వులస్, ఒకచోట విష్ణుక్రాంత, కేరళ వైపు మన పెరళ్లలో పాకే నీలి శంఖుపువ్వు తీగ, ఇంకోచోట కాన్‌స్కోరా. బ్రాహ్మి అంటే కొందరికి సరస్వతి ఆకు, కొందరికి బకోపా. పొట్లం మీద పేరు చూసి సిద్ధాంత గ్రంథానికి పేరు పెట్టుకుంటే, అది ఏ మొక్క గురించిన గ్రంథమో పదేళ్ల తర్వాత దేవుడికి కూడా తెలియదు.

దీని పర్యవసానం ఎంత దూరం వెళ్తుందో కరోనా కాలంలో చూశాం. రోగనిరోధక శక్తి పెరుగుతుందని లక్షల మంది ఇళ్లలో తిప్పతీగ కాచుకుని తాగారు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ప్రచురించారు, మరుసటి ఏడాది దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి 43 మంది రోగుల వివరాలు బయటపెట్టారు. అది అసలు తిప్పతీగ కాదని, దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పా అయి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అన్నది. కాడ మీద బొడిపెలు దట్టంగా ఉండే ఆ తీగను మామూలు మనిషి తేడా కనిపెట్టలేడు. ఏ వాదన నిజమైనా, మన విభాగాల నుంచి రావలసిన రెండు సంగతులు ఆ వేళకు సిద్ధంగా లేవు: మార్కెట్లో తిప్పతీగ పేరుతో అమ్ముతున్నది నిజంగా ఏది, కషాయంగా నెలల తరబడి తాగితే కాలేయానికి ఏమవుతుంది. తిప్పతీగ మీద యాంటీఆక్సిడెంట్ పత్రాలు మాత్రం కుప్పలుగా ఉన్నాయి.

కషాయం అన్నాను కాబట్టి ఆ మాట కూడా చెప్పాలి. మనవాళ్లు మూలికను నీళ్లలో వేసి, నాలుగో వంతు మిగిలేదాకా మరిగించి తాగుతారు, లేదా చూర్ణంగా తేనెతో తీసుకుంటారు, లేదా పచ్చి ఆకు నూరి పసరు పిండుకుంటారు. మనం మాత్రం మెథనాల్‌లో తీసిన సారాన్ని పరీక్షిస్తాం, ఎందుకంటే అందులో పాలీఫినాళ్లు బాగా దిగుతాయి, అంకె బాగుంటుంది. ఎవరూ తాగని ద్రావణం గురించి మనం తెచ్చిన ఫలితాన్ని, తాగేవారికి వర్తింపజేస్తున్నాం. ఎండబెట్టిన చోట దుమ్ము, పొలంలో కొట్టిన పురుగుమందు, దంచిన రోలు, నిలవ ఉంచిన గోనెసంచిలో పట్టిన బూజు ఇవన్నీ ఆ కషాయంలోకి దిగుతాయి. మూలికా మందుల్లో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) దాటరాదని మన ఆయుర్వేద ఫార్మకోపియా పరిమితులు పెట్టింది. ఒక ఊరి సంతలో దొరికే పది రకాల పొడులను ఈ నాలుగు లోహాలకు పరీక్షించిన ఒక్క ఎమ్మెస్సీ ప్రాజెక్టు, నా దృష్టిలో, మరో వంద ఐసీ50 విలువల కన్నా జనానికి ఎక్కువ మేలు చేస్తుంది.

డీపీపీహెచ్ సీసాను పారేయమని నేను అనడం లేదు. దానికి తగిన చోటు ఉంది, ఆ చోటు మన వంటింట్లోనే ఉంది. ఆవకాయ పప్పునూనెతో పెడితే ఏడాది నిలవ ఉండడానికి ఉప్పూ కారమూ ఒక కారణమైతే, ఆ నూనె త్వరగా పాడు కాకపోవడానికి నువ్వుల్లోని సెసమాల్, సెసమాలిన్ వంటి పదార్థాలు మరో కారణం. నూనె గాలి తగిలి చెడిపోవడం రాడికల్స్ గొలుసుకట్టుగా సాగించే చర్యే. అక్కడ ఆక్సీకరణ నిరోధకం అన్న మాటకు పూర్తి అర్థం ఉంది, అక్కడ సీసాలో జరిగేదే ప్రయోగశాలలోనూ జరుగుతుంది. జంతికలూ చెక్కలూ వేయించే నూనెలో బీహెచ్‌టీ అనే కృత్రిమ ఆక్సీకరణ నిరోధకానికి బదులు కరివేపాకు సారమో, చింతగింజల పొట్టు సారమో ఎన్ని రోజులు పనిచేస్తుంది అన్న ప్రశ్నను మీ విద్యార్థి చేపడితే, వచ్చే జవాబును ఆ ఊళ్లోని మిఠాయి దుకాణం కూడా వాడుకోగలదు. నిజమైన ప్రశ్నకు చిన్న పరీక్ష సరిపోయిన సందర్భం అది.

ఇక అడవి సంగతి. రాయలసీమలో వేసవి వచ్చిందంటే నన్నారి షర్బత్ లేని వీధి ఉండదు. ఆ పరిమళం సుగంధిపాల వేళ్లది అనుకుంటాం గానీ, మారెడు కొమ్ములు అని పిలిచే డెకాలెపిస్ హామిల్టోనీ వేళ్లలోనూ అదే పరిమళ పదార్థం ఉంది, దాన్నే ఎక్కువగా తవ్వుతారు. శేషాచలం, నల్లమల కొండల రాతి పగుళ్లలో పెరిగే ఆ తీగ వేరు కావాలంటే రాయి తప్పించి దుంపను మొత్తంగా పెకలించాలి. మిగిలేది గొయ్యి. మైసూరులోని శాస్త్రవేత్తలు ఆ వేళ్ల యాంటీఆక్సిడెంట్ గుణాల మీద మంచి పని చేశారు. ఆ మొక్క ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా నమోదై ఉంది. మనం ఒక వేరుకు ఔషధ గుణం ఉందని తేలికపాటి ఆధారంతో ప్రకటించినప్పుడల్లా కొండ మీద ఒక గొయ్యి అదనంగా పడే అవకాశం ఉంది. కనుక వేరు మీద పనిచేసే ప్రతి విద్యార్థి చేత అదే మొక్క ఆకును, కొమ్మను కూడా పరీక్షింపజేయండి. ఆకులో అదే గుణం కనిపిస్తే మొక్క బతుకుతుంది.

ఆ వేరును చూపించిన చెంచు పెద్దకు మన పత్రాల్లో "స్థానిక సమాచారదాత" అన్న రెండు మాటలకు మించి చోటు లేదు. కేరళలో కాణి గిరిజనులు అలసట రాకుండా తినే ఆరోగ్యపచ్చ అనే మొక్కను పాలోడ్‌లోని ఉష్ణమండల వృక్షోద్యానం శాస్త్రవేత్తలకు చూపించారు. దాని నుంచి తయారైన మందు లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం ఆ గిరిజనులకే దక్కేలా 1995లో ఏర్పాటు జరిగింది. అందులో లోపాలు తర్వాత బయటపడ్డాయి, అయినా అలాంటి ప్రయత్నం ఒకటి జరిగిందన్న గౌరవం ఆ సంస్థకు ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం వచ్చాక ఇలా పంచుకోవడం చట్టబద్ధమైన బాధ్యత కూడా అయింది. మన రెండు రాష్ట్రాల్లో చెంచుల, కొండరెడ్ల, సవరల జ్ఞానాన్ని ఆధారంగా చేసుకుని సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు ఎన్నో ఉన్నాయి. వాటి ఫలితం తెలుగులో నాలుగు పుటలుగా రాసి ఆ గూడేనికి తీసుకువెళ్లి చదివి వినిపించిన గైడు మీలో ఎవరైనా ఉంటే, వారికి నా చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. నేను ఆ పని చేయలేదు.

మీ మీద ఉన్న ఒత్తిడి నాకు తెలియనిది కాదు. పరిశోధన నిధులు తక్కువ. జంతువుల మీద ప్రయోగానికి నైతిక సంఘం అనుమతి కావాలి, కణాల ప్రయోగశాలకు లక్షలు కావాలి. డీపీపీహెచ్‌కు ఒక సీసా రసాయనం, ఒక స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. మూడేళ్లలో పత్రాలు రాకపోతే విద్యార్థి భవిష్యత్తు ఏమిటన్న భయం మనల్ని ఇన్నాళ్లూ తరిమింది. కానీ 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ముందు పత్రం ప్రచురించి తీరాలన్న నిబంధనను తొలగించింది. ఆ సడలింపును మనం మంచికి వాడుకోవచ్చు. ప్రతి విభాగమూ ఏటా పది మొక్కల మీద పది పత్రాలు వేసే బదులు, నాలుగు విభాగాలు కలిసి ఒక్క మొక్కను, ఉదాహరణకు నేలఉసిరినే, ఐదేళ్లు పట్టుకోవచ్చు. వృక్షశాస్త్రం వారు జాతులనూ రుతువులనూ చూస్తారు. రసాయన విభాగం వారు కషాయంలోకి ఏది ఎంత దిగుతుందో కొలుస్తారు. ఫార్మసీ వారు విషతత్వం, ఇతర మందులతో పొసగకపోవడం చూస్తారు. దగ్గరిలోని వైద్య కళాశాల, నైతిక సంఘం ఒప్పుకుంటే, చివరి దశలో మనుషుల మీద చిన్నపాటి జాగ్రత్త గల పరీక్ష చేస్తుంది. నాలుగు సిద్ధాంత గ్రంథాలూ వస్తాయి, ఒక ప్రశ్నకు జవాబూ వస్తుంది. జవాబు "పనిచేయదు" అని వచ్చినా దానికీ అంతే విలువ ఇచ్చి ప్రచురించండి. పనిచేయదని తేలిన మూలికను నమ్ముకుని కాలం పోగొట్టుకోబోయే రోగికి అంతకన్నా పెద్ద సాయం లేదు.

పాఠ్యప్రణాళిక సంఘాల సభ్యులను నేను కోరేది ఇంకా చిన్నది. మొక్కల సారాల మీద ఏ స్థాయి ప్రాజెక్టుకైనా, పూతతో సహా సేకరించి, ఎండబెట్టి, అట్టకు కుట్టి, గుర్తింపు పొందిన హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, చేర్చిన నమూనా సంఖ్య లేకుండా రిజిస్ట్రేషన్ ఇవ్వకండి. హైదరాబాదులోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం, తిరుపతి, అనంతపురం విశ్వవిద్యాలయాల హెర్బేరియాలు ఉండగా ఇది సాధ్యం కాదన్న మాట నేను ఒప్పుకోలేను. రంగు పరీక్ష ఒక్కటే ఆధారమైనప్పుడు ముగింపు అధ్యాయంలో ఏ జబ్బు పేరూ రాయకూడదన్న నియమం పెట్టండి. పరీక్షకులుగా మీ చేతికి వచ్చిన గ్రంథంలో అలాంటి వాక్యం కనిపిస్తే వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, దాన్ని తీయించండి. నా సంతకం ఉన్న రెండు గ్రంథాల విషయంలో ఆ వాక్యాలు తప్పని వివరిస్తూ సంబంధిత గ్రంథాలయాలకు రాసి, ఆ లేఖ ప్రతిని గ్రంథాల్లో అతికించమని కోరాను.

వచ్చే వర్షాకాలంలో నేలఉసిరి పూతకు వచ్చే రోజుల్లో, మీలో ఏ విభాగమైనా మొదటి సంవత్సరం పరిశోధక విద్యార్థులను మొక్కల సేకరణకు తీసుకువెళ్తుంటే నాకు కబురు చేయండి. జేబులో భూతద్దంతో, చంకలో పాత వార్తాపత్రికల కట్టతో వస్తాను. ఒకే గట్టు మీద పక్కపక్కన మొలిచే నేలఉసిరి రకాలను కాయల కాడ పొడవు చూసి, ఆకు అంచు చూసి ఎలా వేరు చేయాలో వాళ్లతో కూర్చుని చూపిస్తాను. డీపీపీహెచ్ సీసా మూత తీయడానికి ముందు ఆ ఒక్క రోజు వాళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
మీ పూర్వ సహోద్యోగి,
జీవరసాయనశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు